సైనికుడు పరాయి ఊళ్లో మాట కలిపితే ఏం తెలుస్తుంది?

2007 ఆగస్టులో అఫ్గానిస్థాన్‌లోని ఖోస్త్ రాష్ట్రంలో అమెరికా సైన్యం పిల్లల కోసం హెలికాప్టర్ల నుంచి ఫుట్‌బాల్స్ జారవిడిచింది. ఉద్దేశం మంచిదే. ఆ బంతుల మీద రకరకాల దేశాల జెండాలు అచ్చువేశారు. వాటిలో సౌదీ అరేబియా జెండా కూడా ఉంది. ఆ ఆకుపచ్చ జెండా మీద రాసి ఉండేది షహాదా, అంటే అల్లా పేరు, ప్రవక్త పేరు ఉన్న విశ్వాస వాక్యం. దాన్ని పిల్లలు కాలితో తన్నాలన్నమాట. జనం రోడ్డెక్కి నిరసన తెలిపారు. సైన్యం విచారం వ్యక్తం చేయాల్సి వచ్చింది.

హెలికాప్టర్ ఎక్కేలోపు ఆ బంతులు ఎన్ని చేతులు మారాయో. ఎక్కడో ఒకచోట, సైన్యం దగ్గరే పనిచేస్తున్న ఏ అఫ్గాన్ కుర్రాడికో ఒక బంతి చూపించి "ఇది ఇక్కడి పిల్లలకు ఇవ్వచ్చా?" అని అడిగి ఉంటే సరిపోయేది. నిమిషం పట్టని మాట అది.

పరాయి దేశాల్లో పనిచేసే సైన్యాలు స్థానికులతో మాట్లాడి వాళ్ల సంస్కృతిని అర్థం చేసుకోవాలని ఇప్పుడు దాదాపు అందరూ ఒప్పుకుంటున్నారు. ఐక్యరాజ్యసమితి శాంతి దళాల్లో అందుకోసం ప్రత్యేకంగా బృందాలే ఉన్నాయి. కానీ చేతిలో తుపాకీ ఉన్న మనిషి అడిగితే ఎదుటివాడు నిజం చెబుతాడా? చెప్పిన మాటను సైన్యం దేనికి వాడుతుంది? అసలు చిక్కంతా ఈ రెండు ప్రశ్నల దగ్గరే ఉంది.

జేబులో కార్డు చెప్పలేనివి

2003 ఇరాక్ యుద్ధం తర్వాత అమెరికా సైనికులకు జేబులో పట్టే 'కల్చర్ స్మార్ట్ కార్డులు' ఇచ్చారు. ఎడమ చేత్తో ఏదీ ఇవ్వకండి, ఎదుటివాళ్లకు అరికాలు కనిపించేలా కూర్చోకండి, ఇలాంటి సూచనలు వాటిలో ఉండేవి. ఈ పద్ధతి పాతదే. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో, బ్రిటన్ వెళ్లే అమెరికా సైనికులకు కూడా అక్కడి జనంతో ఎలా మెలగాలో చెప్పే చిన్న పుస్తకం పంచారు.

ఇలాంటి కార్డుల వల్ల లాభం లేకపోలేదు. కానీ వాటిలో పట్టేది కొంతే. మన ఇంటి విషయమే చూడండి. తెలుగు బాగా నేర్చుకున్న ఒక విదేశీయుడు, ఇంట్లోంచి బయల్దేరుతున్న పెద్దాయన్ని ఆప్యాయంగా "ఎక్కడికి వెళ్తున్నారండీ?" అని పలకరించాడనుకోండి. వ్యాకరణం తప్పు లేదు, మర్యాద తప్పలేదు. అయినా ఆ పెద్దాయన మొహం మాడుతుంది. లోపలికి వచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరతాడు. మనం "వెళ్తాను" అనకుండా "వెళ్లొస్తాను" అని ఎందుకంటామో కూడా ఏ కార్డూ చెప్పదు. ఆ విదేశీయుడికి ఇది తెలియాలంటే ఆ ఇంటి మనిషి ఒకరు పక్కకు పిలిచి చెప్పాలి. అలా పిలిచి చెప్పేంత చనువు ముందు ఏర్పడాలి.

సైన్యం విషయంలో సాంస్కృతిక అవగాహన అంటే నా దృష్టిలో ఇదే: నేను చేసే పని, అనే మాట ఎదుటివాళ్లకు ఏ అర్థంలో చేరుతుందో ముందే ఊహించగలగడం. పండగల పేర్లు, తిండి అలవాట్లు తెలియడం అందులో చిన్న భాగం మాత్రమే.

ఆ ఊహ ఒక్కోసారి క్షణాల్లో అవసరపడుతుంది. 2003 ఏప్రిల్ 3న ఇరాక్‌లోని నజఫ్‌లో లెఫ్టినెంట్ కల్నల్ క్రిస్ హ్యూస్ తన సైనికులతో షియా మతపెద్ద అయతుల్లా సిస్తానీని కలవడానికి వెళ్తున్నాడు. వీళ్లు షియాలకు ఎంతో పవిత్రమైన ఇమామ్ అలీ మసీదు మీదికి వస్తున్నారనుకుని వందలమంది అడ్డంపడ్డారు. అరుపులు, తోపులాట. హ్యూస్ తన రైఫిల్ గొట్టం నేలవైపు తిప్పి, సైనికులందరినీ మోకాలి మీద కూర్చోమన్నాడు, నవ్వమన్నాడు. తర్వాత మెల్లగా వెనక్కి నడిపించాడు. ఒక్క తూటా పేలలేదు. ఆ గుంపుతో అతనికి మాట కలిసే అవకాశమే లేదు. అయినా వాళ్ల భయం దేని గురించో అతనికి అర్థమైంది. గుడి దగ్గర గొడవైతే మన ఊళ్లలో ఏమవుతుందో తెలిసిన మనకు ఆ భయం కొత్తగా అనిపించదు.

పైకి ఒకేలా కనిపించే మూడు మాటలు

సైనికుడు ఊళ్లోకి వెళ్లి మాట్లాడితే బయటి నుంచి చూసేవాళ్లకు అన్నీ ఒకేలా కనిపిస్తాయి. నిజానికి అతను సమాచారం కోసం వెళ్లి ఉండొచ్చు: ఎవరు వచ్చారు, ఎటు వెళ్లారు, ఆయుధాలు ఎక్కడున్నాయి. దీన్ని పూర్వం వేగు అన్నారు, ఇప్పుడు ఇంటెలిజెన్స్ అంటున్నాం. లేకపోతే సైన్యం మీద మంచి అభిప్రాయం కలిగించడానికి వెళ్లి ఉండొచ్చు: మందులు పంచడం, స్కూలు బ్యాగులు ఇవ్వడం, ఫొటో దిగడం. ఈ రెండింటిలోనూ ఏం కావాలో సైనికుడికి ముందే తెలుసు.

మూడోదాంట్లో తెలియదు. తనకు ఏం తెలియదో తెలుసుకోవడానికే వెళ్తాడు. అవగాహన పెంచేది ఇదే, చేయడానికి కష్టమైనదీ ఇదే.

ఒక ఊహా ఉదాహరణ చెప్తాను. కాందహార్ వైపు ఒక పల్లె. ఒక విదేశీ అధికారి అక్కడి పెద్దమనిషిని "ఇక్కడికి తాలిబన్లు వస్తారా?" అని అడుగుతాడు. "మాకేం తెలీదు" అని జవాబు. చీకటి పడ్డాక ఊళ్లోకి ఎవరు వస్తారో, తెల్లారితే అధికారి ఎక్కడుంటాడో ఆ పెద్దమనిషికి తెలుసు. అంతకన్నా ఇంకేం చెప్తాడు?

అదే అధికారి వారం తర్వాత వచ్చి, టీ పోస్తే తాగి, పిల్లల గురించి, ఆరోగ్యం గురించి ఆ కుశల ప్రశ్నలన్నీ అయ్యేదాకా ఓపిగ్గా కూర్చుని, "ఈసారి కాలువ చివరి పొలాలకు నీళ్లు అందాయా?" అన్నాడనుకోండి. అఫ్గాన్ పల్లెల్లో కాలువ నీళ్ల వంతులు చూసే మనిషిని మీరాబ్ అంటారు. మన తెలంగాణలో నీరటి, రాయలసీమలో నీరుగంటి చేసే పని అదే. నీళ్ల మాట ఎత్తితే ఏ రైతు నోరైనా తెరుచుకుంటుంది. ఎగువ పొలాలవాళ్లు వంతు తప్పిస్తున్నారని, జిల్లా కోర్టుకు వెళ్తే లంచం అడిగి ఏళ్లు తిప్పారని, చివరికి తాలిబన్ల కోర్టుకు వెళ్తే త్వరగా తీర్పు దొరికిందని అతను చెప్తాడు. అఫ్గానిస్థాన్‌లో భూమి, నీళ్ల తగాదాలను తాలిబన్ కోర్టులు తీర్చడం, జనం వాటి దగ్గరికి వెళ్లడం అప్పట్లో మామూలు విషయమే.

ఊరు తాలిబన్ల వైపు ఎందుకు మొగ్గిందో అధికారికి ఇప్పుడు అర్థమైంది. మతావేశం కన్నా కాలువ తగాదా పెద్ద కారణం. ఇక్కడ అతని ముందు రెండు దారులున్నాయి. జిల్లా అధికారుల దగ్గర కూర్చుని ఆ తగాదా పరిష్కారం కోసం ప్రయత్నించవచ్చు. లేదా తాలిబన్ కోర్టుకు వెళ్లినవాళ్ల పేర్లు నోట్‌బుక్‌లో రాసుకుని స్థావరానికి పంపవచ్చు. ఆ పేర్లలో ఒకరి ఇంటి మీద ఓ రాత్రి దాడి జరగొచ్చు. నోరు విప్పిన పెద్దమనిషికి ఈ రెండింట్లో ఏది జరుగుతుందో తెలిసే వీలు లేదు.

మధ్యలో కూర్చునే దుబాసీ

పై ఉదాహరణలో నేను ఒక మనిషిని దాచాను. ఆ అధికారికి అక్కడి భాష పష్తో రాదు. మాటలన్నీ దుబాసీ నోటి మీదుగానే నడిచాయి.

భాష నేర్పించడం సైన్యాలకు చాలా ఖరీదైన పని. కాలిఫోర్నియాలోని మాంటెరేలో ఉన్న అమెరికా రక్షణశాఖ భాషా సంస్థలో స్పానిష్ కోర్సుకు 36 వారాలు, అరబిక్‌కు 64 వారాలు. రోజంతా అదే పని. అంత సమయం ప్రతి సైనికుడికీ ఎవరూ ఇవ్వలేరు. అందుకే దుబాసీలు. కానీ దుబాసీ ఏ ప్రాంతం మనిషి, ఏ తెగ, ఏ యాస అన్నది మాట అర్థాన్నే మార్చేస్తుంది. దక్షిణ అఫ్గానిస్థాన్ పష్తూన్ ప్రాంతం, అంటే పష్తో మాట్లాడేవాళ్లది. అక్కడికి వచ్చిన అఫ్గాన్ సైన్యంలో చాలామంది ఉత్తరాది దారీ మాట్లాడేవాళ్లు. సొంత దేశ సైనికులే దక్షిణాన ఉన్న హెల్మండ్ రాష్ట్రంలో పరాయివాళ్లలా కనిపించారు.

దుబాసీ విలువ ఎంతో తెలియాలంటే మనం అంత దూరం వెళ్లక్కర్లేదు. కాలిన్ మెకంజీ 1783లో మద్రాసు వచ్చిన ఈస్టిండియా కంపెనీ సైనికాధికారి, ఇంజినీరు. తర్వాత 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. తెలుగు నేర్చుకోలేదు, ఇంకే దేశభాషా నేర్చుకోలేదు. అయినా తెలుగునేల గురించి ఆయన పోగుచేసినంత సమాచారం ఇంకెవరూ పోగుచేయలేదు. ఏలూరు నుంచి వచ్చిన కావలి బొర్రయ్య, ఆయన తమ్ముడు లక్ష్మయ్య, వాళ్ల మనుషులు ఊరూరా తిరిగి, కరణాలనూ పెద్దలనూ కదిపి, కథలు విని, శాసనాలకు నకళ్లు తీసి ఇచ్చినదే ఆ సంపద. బొర్రయ్య వల్లే తనకు ఈ దేశపు విద్యల వాకిలి తెరుచుకుందని మెకంజీ తర్వాత ఒప్పుకున్నాడు. బొర్రయ్య మాత్రం 1803లోనే చనిపోయాడు, చిన్న వయసులోనే.

కైఫీయతులు అని మనం పిలుచుకునేవి ఇవే. మన ఊళ్ల చరిత్ర రాయాలంటే ఈ రోజుకీ వాటి దగ్గరికే వెళ్లాలి. వాటిని తలుచుకుంటే నాకు కృతజ్ఞతే కలుగుతుంది. కానీ అప్పుడు జవాబు చెప్పిన కరణం వైపు నుంచి కూడా చూడాలి. అడిగినవాడు కంపెనీ మనిషి. ఊరి మాన్యాలెన్ని, చెరువు కింద సాగెంత అని చెప్తే రేపు శిస్తు పెరగదని నమ్మకం ఏమిటి? తెలుసుకోవడమూ ఏలడమూ ఒకే చేతిలో ఉన్న రోజులవి. ఒకే సంభాషణ మనకు చరిత్రను, కంపెనీకి పట్టును ఇచ్చింది.

మానవ శాస్త్రవేత్తలను యుద్ధానికి పంపితే

ఈ చిక్కు ఇరవయ్యొకటో శతాబ్దంలో పెద్ద వివాదంగా బయటపడింది. 2007లో అమెరికా సైన్యం 'హ్యూమన్ టెరైన్ సిస్టమ్' అనే కార్యక్రమం మొదలుపెట్టింది. కొండలు, నదులు ఎలా ఉన్నాయో మ్యాపు చెబుతుంది, అక్కడి మనుషుల తీరు ఎలా ఉందో ఎవరు చెప్పాలి అన్నది దాని వెనకున్న ఆలోచన. సామాజిక శాస్త్రవేత్తలతో చిన్న బృందాలు కట్టి, సైనిక దళాల వెంట ఊళ్లలోకి పంపారు. మొదటి బృందం వెళ్లింది ఖోస్త్‌కే, ఫుట్‌బాల్స్ పడిన ఆ ప్రాంతానికే.

అనుకూలంగా మాట్లాడినవాళ్ల వాదన తేలిగ్గా కొట్టిపారేయదగ్గది కాదు. ఊరి పెద్ద ఎవరో, ఎవరికి ఎవరితో పడదో తెలియకపోతే సైన్యం తలుపులు పగలగొట్టుకుంటూ పోతుంది. తెలిస్తే పిలిచి మాట్లాడుతుంది, తూటాలు తగ్గుతాయి. ఈ బృందం వచ్చాక తమ ప్రాంతంలో పోరాట చర్యలు 60 శాతం తగ్గాయని అక్కడి బ్రిగేడ్ కమాండర్ ఒకరు చెప్పారు. అయితే ఆ తగ్గుదలలో బృందం వాటా ఎంత, ఇతర కారణాల వాటా ఎంత అన్నది విడదీసి చూపించలేకపోయారని విమర్శకులు అన్నారు. నాకూ అది సరైన విమర్శే అనిపిస్తుంది.

2007 అక్టోబర్‌లో అమెరికన్ మానవ శాస్త్రవేత్తల సంఘం కార్యవర్గం ఈ కార్యక్రమాన్ని వ్యతిరేకిస్తూ ప్రకటన చేసింది. పరిశోధకుడు ఎవరినైనా ప్రశ్నలు అడిగే ముందు వాళ్ల అంగీకారం తీసుకోవాలన్నది ఆ వృత్తి నియమం. పక్కన సాయుధ సైనికులు నిలబడి ఉంటే "నేను మాట్లాడను" అనే స్వేచ్ఛ పల్లె మనిషికి ఎక్కడిది? అతను చెప్పింది రేపు దాడికి వాడరని హామీ ఎవరిస్తారు? సైన్యం తరఫువాళ్లు మేం ఇచ్చేది ఇంటెలిజెన్స్ కాదన్నారు. కానీ ఒకసారి రిపోర్టులోకి ఎక్కిన మాటను తర్వాత ఎవరు చదువుతారో రాసినవాళ్ల చేతుల్లో ఉండదు.

ప్రాణాలూ పోయాయి. ముగ్గురు పరిశోధకులు మరణించారు. వాళ్లలో పౌలా లాయిడ్ కథ మర్చిపోవడం కష్టం. 2008 నవంబర్‌లో కాందహార్ రాష్ట్రంలోని మైవంద్‌లో ఆమె ఒక మనిషితో పెట్రోలు ధరల గురించి మామూలుగా మాట్లాడుతున్నారు. అతని చేతిలో పెట్రోలు ఉంది. ఉన్నట్టుండి అదే ఆమె మీద పోసి నిప్పంటించాడు. రెండు నెలలు పోరాడి ఆమె కన్నుమూశారు. ఆమె అడిగింది ధర ఎంతని మాత్రమే.

2014లో కార్యక్రమం ఆగిపోయింది. అప్పటికి 70 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది.

అవతలివాళ్లు కూడా మనల్ని చదువుతారు

సంస్కృతి గురించి మాట్లాడేటప్పుడు సైన్యాలు చేసే పొరపాటు ఒకటుంది. సంస్కృతి అనేది ఎదుటివాళ్లకు మాత్రమే ఉంటుందనుకుంటారు. తమకు ఉన్నదంతా మామూలు పద్ధతే అనుకుంటారు.

అఫ్గాన్ సైనికులు తమకు శిక్షణ ఇస్తున్న విదేశీ సైనికుల మీదే కాల్పులు జరపడం 2011, 2012ల్లో బాగా పెరిగింది. 2011లో అమెరికా సైన్యం తరఫున జరిగిన ఒక అధ్యయనంలో ఆరువందల మందికి పైగా అఫ్గాన్ భద్రతా సిబ్బందినీ, రెండువందల మందికి పైగా అమెరికా సైనికులనూ అవతలివాళ్ల గురించి ఏమనుకుంటున్నారని విడివిడిగా అడిగారు. రాత్రిపూట ఇళ్లలోకి, ఆడవాళ్లుండే గదుల్లోకి చొరబడతారని, బూతులు తిడతారని, అందరూ చూస్తుండగా మూత్రం పోస్తారని అఫ్గాన్లు చెప్పారు. మత్తుమందులు, బద్ధకం, దొంగతనం అని అమెరికన్లు చెప్పారు. ఒకే స్థావరంలో, ఒకే ఎండలో కలిసి పనిచేస్తున్నవాళ్లు వీళ్లు. రోజూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఆజ్ఞలూ జవాబులే తప్ప ఇవి మాత్రం ఒకరితో ఒకరు చెప్పుకోలేదు.

2012లో అఫ్గాన్ రక్షణ శాఖ తన సైనికులకు ఒక చిన్న పుస్తకం పంచింది. విదేశీ సైనికులు భుజం మీద చరిస్తే, అందరి ముందూ ముక్కు చీదితే, బల్ల మీద కాళ్లు పెడితే, మీ భార్య ఫొటో చూపించమంటే కోపం తెచ్చుకోకండి, అది అవమానించాలని చేసింది కాదు అని అందులో చెప్పారు. నాకు ఆ పుస్తకమే ఎక్కువ విషయం చెప్తుందనిపిస్తుంది. పదకొండేళ్లు కలిసి యుద్ధం చేశాక కూడా, "మీ ఆవిడ ఎలా ఉంది?" అన్న ప్రశ్న ఎంత దెబ్బ తీస్తుందో ఇంకా పుస్తకం వేసి చెప్పాల్సి వచ్చింది.

దీనికి మారే డ్యూటీలు కూడా తోడయ్యాయి. అఫ్గానిస్థాన్‌లో బ్రిటిష్ దళాలు ఆరు నెలలకోసారి, అమెరికా మెరైన్లు ఏడు నెలలకోసారి, అమెరికా సైన్యం ఏడాదికోసారి మారేవి. కుశల ప్రశ్నలకే మూడు నెలలు పట్టే ఊళ్లో, పరిచయం పండే వేళకు మనిషి మారిపోయేవాడు. కొత్త అధికారి వచ్చి మళ్లీ మొదటి నుంచి అవే ప్రశ్నలు అడిగేవాడు. అదే ఊరి పెద్ద ఇరవై ఏళ్లలో తన కాలువ కథ ఎంతమందికి చెప్పి ఉంటాడు?

మనవాళ్లు వెళ్లిన చోట

ఇదే పని ఐక్యరాజ్యసమితి శాంతి దళాల్లో వేరేగా నడుస్తుంది, ఎందుకంటే ఆ దళాలు ఆ దేశాన్ని గెలవడానికి వెళ్లవు. 2007లో భారత్ లైబీరియాకు సీఆర్‌పీఎఫ్ మహిళలతోనే ఒక పోలీసు దళాన్ని పంపింది. పూర్తిగా మహిళలతో ఉన్న శాంతి దళం ప్రపంచంలో అదే మొదటిది. ఏటా అందులోని మనుషులు మారినా ఆ దళం 2016 దాకా అక్కడే ఉంది. అంతర్యుద్ధంలో యూనిఫాం వేసిన మగవాళ్ల చేతుల్లో నరకం చూసిన లైబీరియా స్త్రీలకు, యూనిఫాంలో ఉన్న ఆడమనిషి దగ్గర నోరు విప్పడం తేలికైంది.

కాంగోలోని ఉత్తర కివూలో మేజర్ రాధికా సేన్ 2023 మార్చి నుంచి ఏడాది పైగా ఇలాంటి బృందాన్నే నడిపారు. దాన్ని ఎంగేజ్‌మెంట్ ప్లటూన్ అంటారు, అంటే ఊళ్లలో తిరిగి జనంతో మాట్లాడటమే ప్రధాన డ్యూటీగా ఉన్న సైనిక బృందం. పిల్లలకు ఇంగ్లిష్ క్లాసులు పెట్టారు, ఆడవాళ్లతో ఆరోగ్యం గురించి, చదువు గురించి కూర్చుని మాట్లాడారు. 2023కు ఐక్యరాజ్యసమితి ఇచ్చే మిలిటరీ జెండర్ అడ్వకేట్ అవార్డు ఆమెకు దక్కింది.

శాంతి దళాలకూ ఇబ్బందులు లేకపోలేదు. కాంగోలోనే 2022లో శాంతి దళాల మీద జనం తిరగబడ్డారు. మాతో మాట్లాడుతున్నారు సరే, మమ్మల్ని చంపుతున్న సాయుధ ముఠాలను ఎందుకు ఆపడం లేదు అన్నది వాళ్ల ప్రశ్న. మాట వల్ల నమ్మకం వస్తుంది, నమ్మకం వల్ల ఆశ పెరుగుతుంది. రక్షణ దొరక్కపోతే ఆ ఆశే కోపంగా మారుతుంది.

మాట తెగే చోటు, మళ్లీ కలిసే చోటు

మాట్లాడుకుంటే రక్తపాతం ఉండదని ఎవరైనా అంటే తెలుగువాళ్లకు గల్వాన్ గుర్తొస్తుంది. 2020 జూన్ 6న భారత్, చైనా కోర్ కమాండర్లు కూర్చుని మాట్లాడుకుని, వెనక్కి తగ్గాలని అనుకున్నారు. జూన్ 15 రాత్రి లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో 20 మంది భారత సైనికులు ప్రాణాలు కోల్పోయారు. వాళ్లకు నాయకత్వం వహించిన 16 బిహార్ కమాండింగ్ ఆఫీసర్, సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబు కూడా అందులో ఉన్నారు. రెండు సైన్యాలకూ ఒకరి పద్ధతులు ఒకరికి తెలియక కాదు. చుషుల్, నాథూ లా, బుమ్ లా వంటి చోట్ల సరిహద్దు అధికారులు ఏళ్ల తరబడి కలుస్తూనే ఉన్నారు, ఒకరి జాతీయ దినోత్సవాలకు ఒకరు వెళ్తూనే ఉన్నారు. గొడవ నేల గురించి. ఎదుటివాడి అలవాటు అర్థమైనంత మాత్రాన అతను నేల వదులుకోడు.

అయినా ఆ తర్వాత కూడా చుషుల్, మోల్డోల్లో కోర్ కమాండర్ల చర్చలు సాగుతూనే వచ్చాయి. 2024 ఫిబ్రవరికి 21 విడతలయ్యాయి. చైనా అధికారి ఏమన్నాడో మన కమాండర్‌కు, మన కమాండర్ ఏమన్నాడో అవతలివాళ్లకు సరిగ్గా చేరాలి. ఒక క్రియాపదం అటూ ఇటూ అయితే ఒక గస్తీ పాయింటు గల్లంతవుతుంది. 2023లో టెరిటోరియల్ ఆర్మీ, అంటే వేరే ఉద్యోగాలు చేసుకునేవాళ్లు కొంతకాలం పనిచేసే సైనిక విభాగం, చైనా భాష మాండరిన్ బాగా తెలిసిన ఐదుగురిని ప్రత్యేకంగా ఇలాంటి సమావేశాల కోసమే తీసుకుంది.

2024 అక్టోబర్‌లో గస్తీ మీద రెండు దేశాలకూ అంగీకారం కుదిరింది. ఆ దీపావళికి వాస్తవాధీన రేఖ మీద పలుచోట్ల రెండు వైపుల సైనికులూ మిఠాయిలు ఇచ్చిపుచ్చుకున్నారు. సరిహద్దు ఎక్కడన్నది అప్పటికీ తేలలేదు, ఎదురెదురుగా మోహరించిన సైన్యం అలాగే ఉంది. ఫలానా రోజు ఫలానా దారిన మా గస్తీ వస్తుంది అని ముందుగా చెప్పుకునేంత మాట మాత్రం మళ్లీ కలిసింది.